గుమ్మంలో అన్న మాట

పేరు పిలుస్తారు, పిలిచినప్పుడు లేచి లోపలికి పోవాలి, ఇంతే కదా, దీనికి అరచేతులకు చెమటలు పట్టడమేమిటి అనుకున్నాడు మక్సూద్. మణుగూరు సర్కారు దవాఖానా వరండాలో గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, తల్లులూ కూతుళ్ళూ వరసగా కూర్చున్నారు. పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ రాకుండా ఒక్క సూది వేస్తామని, కావాలనుకున్నవాళ్ళు పిల్లను తీసుకుని రమ్మని బడిలో చెప్పి పంపారు. వరసలో మగవాడు తనొక్కడే. పక్క కుర్చీలో కూతురు మహీన్ చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ తలుపు వైపే చూస్తోంది. తల్లి ముక్కు, తల్లి చేతులు. ఆ అంచు కుట్టింది తనే, ఒకచోట దారం లాగేసి ముడత పడింది, విప్పి మళ్ళీ వేయాలి. దర్జీ కన్ను అంతే, మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ముందు కుట్టు కనపడుతుంది, ఆ తర్వాతే మనిషి. ఆ తల్లి, ఆతియా, ఒకప్పుడు నడుం దగ్గర వదులైందని కమీజు ఇచ్చింది, లోపలికి పట్టి కుట్టాడు. కొన్నాళ్ళకు అదే కమీజు మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ పట్టాడు. బట్ట వదులవుతోందంటే లోపలి మనిషి తగ్గిపోతోందని, పదిహేనో ఏట నుంచి మెడలో టేపు వేసుకు తిరిగేవాడికి ఇంకొకరు చెప్పాలా. "సన్నబడ్డవ్, మంచిగ కొడుతున్నవ్" అన్నాడు పైగా. ఆమె నవ్వింది. ఎందుకు నవ్వింది అప్పుడు? నవ్వకుండా, నాకు బాగుండట్లేదు అని ఉంటే. అని ఉంటే తను మిషను ఆపేవాడా? ఆపేవాడేలే. ఏమో.

"ఇంటామె రాలేదా అన్నా?" అని అవతలి కుర్చీలోంచి అడిగింది ఒకామె. పక్క తండా నుంచి వచ్చిందట, కూతురు పేరు సోని. "లేదు" అన్నాడు మక్సూద్. రాలేదనీ కావచ్చు, లేనే లేదనీ కావచ్చు. ఆ ఒక్క మాట ఎటైనా సరిపోతుంది, ఈ రెండేళ్ళుగా అడిగినవాళ్ళకు అదే చెబుతున్నాడు. బయట బొగ్గు లారీ పోతే కిటికీ అద్దాలు గలగలమన్నాయి, మహీన్ ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకుంది. భయపడుతోంది. పొద్దున వాళ్ళ దాదీ అంత మాట అన్నాక భయపడదా మరి.

వాళ్ళింట్లో మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. మహీన్ దాదీ, తన తల్లి గులాబ్ బీకి కోపం వచ్చినప్పుడు మాత్రం తెలుగే వస్తుంది, మార్కెట్లో గాజులమ్ముతూ గడిపిన మనిషి. సూది అన్న మాట మహీన్ నోట వినగానే చాయ్ కప్పు కింద పెట్టేసింది. "గప్పుడు హాస్టల్ పిల్లలకు ఏసిన సూదే కదరా ఇది? నీకు యాది లేదా? పిల్లలు పుట్టకుండ చేస్తరంట, హఫీజ్ గూడ ఫోన్ల చెప్పిండు." హఫీజ్ అంటే అన్న, ఖమ్మంలో చెప్పుల దుకాణం, ఫోనుకు వచ్చిన ప్రతి వీడియోనూ నమ్మి నలుగురికి పంపే రకం. హఫీజ్ మాట పక్కన పెట్టొచ్చు, హాస్టల్ పిల్లల మాట పక్కన పెట్టడం ఎట్లా? యాది లేకపోవడమేమిటి. అప్పటికి తనకింకా పెళ్ళి కాలేదు, భద్రాచలం వైపు హాస్టళ్ళకు యూనిఫారాలు తమ దుకాణం నుంచే పోయేవి, నీలం లంగా, తెల్ల చొక్కా. ఆ పిల్లలకే వేశారు. తల్లిదండ్రులకు చెప్పలేదన్నారు, దేనికి వేస్తున్నారో పిల్లలకైనా సరిగ్గా చెప్పలేదన్నారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారన్న మాట అడవి ఊళ్ళన్నీ తిరిగింది. ఆ చావులకూ సూదికీ సంబంధం లేదని పెద్ద పెద్దవాళ్ళు వచ్చి చూసి చెప్పారట, కానీ ఆ మాట ఇటు వచ్చేసరికి ఎంత ఆలస్యమైందంటే, వినడానికి ఎవరూ లేరు. దుకాణం ముందు నిలబడి ఒక కోయ తల్లి అడిగింది తనకు ఇప్పటికీ గుర్తే, బిడ్డ యూనిఫారం కొలతకు తెచ్చిన పాత చొక్కా చేతిలో నలుపుతూ, "మా పిల్లకు ఏం ఏసిండ్రో మమ్ముల నడగాలె గద సేటూ" అని. ఆమె పిల్ల బాగానే ఉంది, అయినా అడిగింది. ఆ మాట తప్పెట్లా అవుతుంది? అమ్మ భయం అబద్ధపు భయం కాదు. అందుకే ఎదురు చెప్పలేక, "సూది లేదు ఏం లేదు, కళ్ళద్దాలకు చూపించి తీసుకొస్తా" అని అబద్ధమాడి బండి తీశాడు. మహీన్ అంతా వింది.

సోనిని పిలిచారు. తల్లీ కూతురూ లేచి వెళ్ళారు. అందరూ ఒక్కో కుర్చీ ముందుకు జరిగారు, ఖాళీ అయిన కుర్చీ వెచ్చగా తగిలింది.

ఆతియా ఒకరోజైనా నమాజు తప్పేది కాదు. పెళ్ళైన కొత్తలో, మిషను చప్పుడుకు ఇబ్బంది పడుతుందేమోనని, ఆమె నమాజు చాప, జానమాజు, పరిచిందంటే తను కాలు తీసి ఆగేవాడు, అయిపోయాక మళ్ళీ తొక్కేవాడు. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు నమాజు చదవరు, రోజా ఉపవాసం ఉండరు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తరు, మడత పెట్టిన జానమాజు అలమారలో కనపడితే మగవాడు చూసీ చూడనట్టు పోతాడు, అది మర్యాద. ఆ ఏడు జానమాజు అలమారలోనే ఎక్కువ ఉంది. చూశాడు. చూడలేదని ఎవరికి చెప్పుకున్నా తనకు తను చెప్పుకోలేడు కదా. రంజానులో ఆతియా తెల్లవారకముందు తినే సహరీకి అందరికంటే ముందు లేచి రొట్టెలు కాల్చి, అందరికీ వడ్డించి, తను మాత్రం పళ్ళెం ముందు కూర్చోకుండా గిన్నెలు కడుగుతూ ఉండేది, ఇవాళా, రేపూ, ఆ తర్వాతి వారమూ. "ఈసారి చాన రోజాలు పోయినయ్" అంది ఒక సాయంత్రం, ఇఫ్తారు దగ్గర, తనకు మాత్రమే వినపడేట్టు. ఎందుకు పోయాయి అని అడగాల్సిన నోట్లో ఖర్జూరం ఉంది. "తర్వాత ఉండొచ్చులే" అన్నాడు. దానికి ముందటి చలికాలమే కదా పర్ణశాలకు పోయింది. బిర్యానీ డబ్బా కట్టుకుని, మహీన్‌ను మధ్యలో కూర్చోబెట్టుకుని బండి మీద పోయారు. గోదావరి ఒడ్డున పడవ ఎక్కుదామంటే ఆతియా, "నేను ఒడ్డుననే ఉంట, మీరిద్దరు పొండ్రి" అంది. నీళ్ళంటే భయమేమో అనుకున్నాడు. పడవలోంచి మహీన్ చెయ్యి ఊపితే తనూ ఊపాడు. ఇసుకలో నల్ల బురఖా చిన్నగా కనపడింది, అదీ చెయ్యి ఊపింది. బట్టకు మరక అవుతుందని, కూర్చున్నచోట నుంచి లేవాలన్నా భయమని, నల్లబట్ట కట్టుకుంటే కనపడదని వేసుకొచ్చిందని, ఇవన్నీ తర్వాత హైదరాబాదు దవాఖానాలో డాక్టరమ్మ ఒక్కొక్కటి అడుగుతుంటే ఆతియా తల దించుకుని చెబుతుంటే, పక్క బల్ల మీద కూర్చుని విన్నాడు. కట్టుకున్న పెళ్ళాం గురించి పరాయి మనిషి అడిగితే తెలుసుకున్నాడు.

అది కూడా కాదు. అసలు సంగతి అది కాదని తెలుసు, దాని చుట్టూనే తిరుగుతున్నాడు. అసలు సంగతి గుమ్మం.

పర్ణశాలకు ముందా, వెనకా? ముందే. ఎండలు తగ్గి వానలు మొదలైన రోజులు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి ఉన్నాడు. గుమ్మంలో ఆశా వర్కరు ముత్తక్క, ఆమె వెనక భుజానికి సంచీ తగిలించుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి పేరు మోతీ అని, తల్లాడ దగ్గర తండా పిల్ల అని, పెద్ద చదువు చదివి ఈ జబ్బు మీదే పరిశోధన చేస్తోందని ముత్తక్క చెప్పింది. ముప్ఫై దాటిన ఆడవాళ్ళకు ఒక పరీక్షట. దవాఖానాకు పోనక్కర్లేదు, ఎవరూ చూడనక్కర్లేదు, చిన్న బ్రష్షు లాంటిది ఇస్తారు, ఆడమనిషి తలుపేసుకుని తనకు తనే చేసుకుని గొట్టంలో వేసి ఇస్తే చాలు. ఇదంతా మోతీ చక్కగా, నెమ్మదిగా చెప్పింది. అంతవరకు బాగానే విన్నాడు. తర్వాత ఆ జబ్బు తెచ్చే వైరస్ పురుగు ఎట్లా వస్తుందో చెప్పింది. ఆలుమగల కలయికతో వస్తుందని, చాలామందికి వచ్చి దానంతటదే పోతుందని, కొందరిలో మాత్రం పోకుండా ఉండి ఏళ్ళ తర్వాత క్యాన్సర్ అవుతుందని. మొదటి ముక్క దగ్గరే తన చెవులు మూసుకుపోయాయి. వీధి గుమ్మంలో, ఒక ఆడపిల్ల, తన ఇంటి ఆడమనిషి గురించి. "మా ఇంట్ల గసొంటి జబ్బులు లేవమ్మా" అన్నాడు. "జబ్బు లేనోళ్ళకే అన్నా ఈ పరీక్ష. ఒక్కసారి అక్కను పిలుస్తరా, అక్కతోనే మాట్లాడుత" అంది మోతీ. "ఆమె మాట్లాడదు. వేరే ఇల్లు చూసుకోండి." తలుపు గట్టిగా కూడా వేయలేదు, మర్యాదగానే వేశాడు. వెనక్కి తిరిగితే పరదా కదులుతోంది, పరదా వెనక ఆతియా. అన్నం వడ్డిస్తూ, "ఏందంట?" అంది. మొత్తం విని కూడా అడిగింది. "ఏదో సర్వే" అన్నాడు. ఆమె పప్పు గరిటె పట్టుకుని ఒక్క క్షణం అట్లాగే ఉండి, తర్వాత వడ్డించింది. ఆ ఒక్క క్షణం. పేరు తెలియని నొప్పి ఒకటి మోస్తున్న మనిషి గుమ్మం దాకా వచ్చిన మాటను విని, అది తన కోసమే వచ్చిందని తెలుసుకుని, మొగుడు దాన్ని తిప్పి పంపితే గరిటె పట్టుకుని నిలబడిన క్షణం. అప్పటికే మరక కనపడుతోందా? అప్పటికే అయి ఉంటుంది. లేకపోతే మొత్తం విని కూడా ఎందుకు అడుగుతుంది.

"మొదట్లనే పట్టుకునుంటే" అంది హైదరాబాదు డాక్టరమ్మ, "మూతి దగ్గర కాస్త వేడి తగిలించి ఆ పొర తీసేసేవాళ్ళం, అదే రోజు ఇంటికి పోయేది." ఇప్పుడు మాత్రం కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. కరెంటు పెట్టడమంటే ఏదో తీగలు అనుకుని ఆతియా వణికింది, మిషను కింద పడుకోవడమే అని తెలిశాక, తన కుట్టు మిషనంత పెద్దదా అని నవ్వులాటకు అడిగింది. డాక్టరమ్మను పక్కకు పిలిచి అడిగాడొకసారి, ఎవరి నుంచి వచ్చి ఉంటుందని. పెళ్ళికి ముందు సికింద్రాబాదులో పనిచేసిన రోజులు, లాడ్జి మెట్లు, స్నేహితులు, ఒక్కసారి, రెండుసార్లు, ఆ మాట ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. ఆవిడ అతని మొహం చూసి, "ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు, దాని గురించి తల పగలగొట్టుకోవద్దు" అంది. ఊరట ఇవ్వాలనే అంది. చెప్పలేరు అన్న మాటతో బతకడం ఎట్లాగో మాత్రం ఆవిడ చెప్పలేదు. పక్క మంచం మీద పాతబస్తీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. నమాజు వేళకు ఆతియా గోడవైపు తిరిగి పడుకోవడం చూసి, ఎందుకు చదవడం లేదని అడిగింది. రక్తం పోతోంది కదా అంటే, "అరే బేటీ, ఇది రోగం రక్తం, నెల రక్తం కాదు. కాళ్ళు చేతులు కడిగి వుజూ చేసుకుని చదువుకోవచ్చు, నీకెవరూ చెప్పలేదా?" అంది. ఎవరూ చెప్పలేదు. ఎవరినైనా అడిగితే కదా, అడగాలంటే ముందు చెప్పాలి కదా, చెప్పడానికి ఆ ఇంట్లో చెవి ఏది. కరెంటుకు ఏడవని మనిషి, కడుపులో నొప్పికి ఏడవని మనిషి, వదులుకోనక్కర్లేని నమాజులన్నీ వదులుకున్నానని ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత మంచం మీదే కూర్చుని చదివింది. తను కింద నేల మీద కూర్చుని ఆమె పెదాలు చూశాడు.

ఒక్కమాట అనలేదు ఎప్పుడూ. అని ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే బాగుండేది. మొదటి విడత అయ్యాక బస్సులో తిరిగొస్తుంటే కొత్తగూడెం దాటి అడవి మొదలైన చోట, కిటికీకి తల ఆనించి, "ఆ రోజు వచ్చిన పిల్ల మంచిగ మాట్లాడింది కదా" అంది. అంతే. ఏ పిల్ల అని అడగాల్సిన పని లేదు. "అవ్" అన్నాడు. టేకు చెట్లు వెనక్కి పోతూనే ఉన్నాయి.

ఆ పిల్ల మళ్ళీ వచ్చింది, తన దుకాణానికే వచ్చింది, మొన్న చలికాలం. పరీక్ష సామాను పెట్టి ఇవ్వడానికి చిన్న చిన్న గుడ్డ సంచులు కుట్టాలంది, ముత్తక్క ఈ దుకాణం చూపించిందట. తనను గుర్తు పట్టలేదు. ఎన్ని గుమ్మాలు ఎక్కి ఉంటుంది, ఎంతమంది మొగుళ్ళు తలుపేసి ఉంటారు, ఏ మొహమని గుర్తుంటుంది. "బట్ట మందంగుండాలె అన్నా, లోపల ఏముందో పైకి తెలవద్దు. ఇంట్లోళ్ళు చూస్తే వద్దంటరు." "ఎవరంటరు?" అని అడిగాడు, తెలిసీ. "మగోళ్ళే ఎక్కువ" అంది కోపం లేకుండా, వాన కురుస్తుందన్నట్టు. పూల గుడ్డ తీశాడు, లోపల రెండో పొర వేశాడు, నాడా పెట్టాడు. కుట్టినన్నాళ్ళూ ఈ రోజు చెప్పాలి, ఇవాళ వస్తే చెప్పాలి అనుకున్నాడు, మా ఇంటికి కూడా వచ్చినవమ్మా అని. ఆమె వచ్చి సంచులు చూసి, "ఎంత మంచిగ కుట్టినవన్నా" అంటుంటే సంచులు లెక్కపెట్టి ఇచ్చాడు. పోతూ పోతూ గోడ మీద మహీన్ ఫోటో చూసి, "బిడ్డనా? ఇప్పుడు సూది వస్తది అన్నా, ఒక్కటే డోసు, మరిచిపోకు. పిల్లకు గూడ దేనికో చెప్పి వేయించు" అంది. అందుకే వచ్చాడు ఈ రోజు. ఆ మాటలో సగమే విన్నట్టు వచ్చాడు, పిల్లకు ఏం చెప్పాడని? కళ్ళద్దాలు. తల్లి పోయింది దేనితో అంటే, పేట్‌లో, అంటే కడుపులో, గడ్డ అని చెప్పారు ఇంట్లో అందరూ.

"మహీన్! మహీన్ ఎవరు?"

లోపల బల్ల వెనక నర్సు, పక్కన చల్లటి డబ్బా. మహీన్ స్టూలు మీద కూర్చుంది. "తండ్రివా? నీకు ఇష్టమేనా, వేయమంటవా?" అంది నర్సు. వేయండి అంటే అయిపోతుంది. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుని కూతురు వైపు తిరిగాడు.

"బేటా, నీకేమన్న అడిగేది ఉంటే మేడమ్‌ని అడుగు."

మహీన్ నర్సును చూడలేదు. తననే చూసింది. "అమ్మీకి వచ్చింది గిదేనా?"

గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు తిరిగారు. "అవ్" అన్నాడు. "గర్భసంచి మూతి క్యాన్సర్." ఈ మాట ఇంతమంది ముందు మొదటిసారి అన్నాడు. అన్నాక ఆగలేదు. "ముందే పరీక్ష చేస్తమని ఇంటికొచ్చిండ్రు. నేనే అవసరం లేదని పంపిన. దొరికుంటే బతుకుతుండె."

మహీన్ నర్సు వైపు తిరిగి అడగడం మొదలుపెట్టింది. ఇది వేసుకుంటే పిల్లలు పుట్టరా? పుడతరమ్మా, దానికీ దీనికీ ఏం లేదు. అప్పుడు హాస్టల్ పిల్లలు ఎందుకు చచ్చిపోయిండ్రు? నర్సు తనకు తెలిసినంత చెప్పింది, సూదితో కాదని తేల్చారని, కానీ అప్పుడు ఇళ్ళల్లో చెప్పకుండా వేయడం తప్పేనని. ఇది వేసుకుంటే ఇంక ఎప్పటికీ రాదా? చాలా మటుకు రాదు, అయినా పెద్దయినాక పరీక్ష చేయించుకోవాలె. ఇన్ని ప్రశ్నలు ఈ పిల్ల ఎక్కడ దాచుకుంది, ఎన్నాళ్ళ నుంచి దాచుకుంది. చివరికి కమీజు చెయ్యి తనే పైకి మడిచి, "ఏయండి" అంది. తర్వాత తండ్రితో, "నువ్వు బయట ఉండు" అంది.

బయట ఉన్నాడు. సూది వేసుకున్నాక అరగంట కూర్చోవాలట, ఏమన్నా కళ్ళు తిరుగుతాయేమో చూడటానికి. మహీన్ వచ్చి కూర్చుంది, పక్క కుర్చీలో కాదు, ఒక కుర్చీ వదిలి. చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఆ మధ్య కుర్చీ మీద ఎండ పడుతోంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇద్దరి మధ్య కూర్చునే పిల్ల. హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ దాదీ దగ్గరే వదిలిపోయారు, ఫోనులో మాట్లాడించేవారు, ఆఖరి రోజుల్లో అదీ లేదు.

"నన్ను తీసుకురమ్మన్నదా అమ్మీ?" అంది మహీన్ ముందుకే చూస్తూ.

"అన్నది."

"మరి?"

"గట్ల నువ్వు చూడొద్దనుకున్న. బక్కగ అయింది, జుట్టు గూడ... భయపడతవని."

"నన్నడగలే."

ఆ మాటలో కోపం కూడా లేదు. ఎన్నో జవాబులు వచ్చాయి నోటికి, నువ్వు చిన్నపిల్లవు, పరీక్షలు దగ్గరపడ్డాయి, దాదీ ఒప్పుకోలేదు, అన్నీ నిజమే, ఏదీ జవాబు కాదు.

"లేదు" అన్నాడు మక్సూద్. "అడగలే."

నర్సు తలుపులోంచి తొంగి చూసి, "టైమయింది, మీరు పోవచ్చు" అంది. మక్సూద్ బండి తాళాలు తీశాడు. మహీన్ లేవలేదు. సూది వేసిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, మొదటిసారి అతని మొహంలోకి చూసి, "అమ్మీ ఏమన్నది? అంతా చెప్పు. ఇక్కడనే చెప్పు, ఇంట్ల చెప్పవు నువ్వు" అంది.

అతను తాళాలు జేబులో వేసుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆతియా మంచం కిటికీ పక్కన ఉండేదని చెప్పడం మొదలుపెట్టాడు.